టైర్ల ముందు నిమ్మకాయలు

ఇంజిను బరువు ఎంతుంటుందో నాకు తెలుసు. గొలుసు కట్టి ఎత్తుతాం, దించుతాం, చెమట తుడుచుకుంటాం, అయిపోతుంది. నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది మాత్రం రెండే రెండు మాటలు. "లేదు బావా." వీటిని దించడానికి నాకు ఏ గొలుసూ దొరకలేదు. ఇంట్లో చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నానా అంటే, ఆయన దగ్గరికి వెళ్లినప్పుడల్లా వేరే సంగతులేవో మాట్లాడి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెబుతున్నాను.

వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద ఒక కార్ల షెడ్డు నడుపుతాను. ఇంతకంటే చెబితే దొరికిపోతాను. దొరికిపోవాలనే ఇంతయినా చెప్పానా? ఏమో.

ఆ షెడ్డు మొదట నాది కాదు. మా అక్క మొగుడు నర్సింలు బావది. బావ అంటే నెమ్మదస్తుడు అనుకునేరు. గొంతు పెద్దది, గొప్పలు అంతకంటే పెద్దవి. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి లారీలవాళ్లు పనిగట్టుకుని వచ్చేవాళ్లు ఆయన దగ్గరికి. బ్రేకు నర్సింలు అని పేరు. ఎవరైనా కొత్తవాడు వచ్చి బండి స్పీడు గురించి మాట్లాడితే చాలు, పానా చేత్తో పట్టుకుని మొదలుపెట్టేవాడు: "ఉర్కే బండి ఎవడన్న జేస్తడు బిడ్డా. నిలవడే బండి జెయ్యాలె." ఈ మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. విని నవ్వుకున్నాను. ఎందుకంటే నేను ఉరికే బండ్లు చేసేవాణ్ణి.

నాకు ఇంజిన్ల పిచ్చి. అదెలా పట్టిందంటే చెప్పలేను. ఇంజిను విప్పి, నూనె కడిగి, మళ్లీ బిగించి, మొదటిసారి తాళం తిప్పినప్పుడు వచ్చే ఆ శబ్దం కోసం అన్నం మానేసిన రోజులున్నాయి. హైవే నాలుగు వరుసలుగా వెడల్పు చేస్తున్న రోజులవి. రెండువేల ఏడో, ఎనిమిదో. కొత్త తారు పడుతుంటే పాలమూరు కుర్రకారుకు కాళ్లు నిలిచేవి కావు. ముప్పై దాటితే దడదడలాడే బండ్లు తెచ్చి, "అన్నా, జర ఉర్కేటట్టు జెయ్యి" అనేవాళ్లు. నేను చేసేవాణ్ణి. బావ వాటి బ్రేకులు చూసి పంపేవాడు. మా ఇద్దరికీ అదొక తెలియని ఒప్పందం.

అప్పుడు కంకర సేటు వచ్చాడు. రోడ్డు పనికి కంకర తోలే ఆసామి. హైదరాబాదులో ఉన్న ఆయన పెదనాన్న కొడుకు విదేశీ కారు కొన్నాడట. కర్నూలు దాకా పందెం వేసుకుని వాణ్ణి ఓడించాలి, అదీ మన ఊళ్లో తయారైన బండితో. ఇదీ ఆయన కోరిక. బావ వద్దన్నాడు. నేను ఒప్పుకున్నాను. అక్క మధ్యలోకి వచ్చి "తమ్ముడు ముచ్చటపడుతుండు, చెయ్యనియ్యి" అంది.

పాత కాలపు పొడుగు కారు ఒకటి దొరికింది. తుక్కు బజారు నుంచి విదేశీ కారు ఇంజిను తెచ్చాను. ఆరు సిలిండర్లది, పెట్రోలుది. దానికి గాలి దట్టించి బలం పెంచే టర్బో తగిలించాను. ఇంజిను పట్టక ముందు భాగమంతా కోసి మళ్లీ వెల్డింగు చేశాం. బానెట్టు మూతపడకపోతే దానికి పైన బొక్క కోశాం. నెలల తరబడి అదే పని. మూడొందల గుర్రాల బలం ఉంటుందని అందరికీ చెప్పాను. కొలిచే మిషను మా దగ్గర ఎక్కడిది? బావ మాత్రం వదల్లేదు. "మూడొందల గుర్రాలంట. గడ్డి ఎవడేస్తడు, మీ అయ్యనా?" షెడ్డంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అయినా గొణుక్కుంటూనే బావ ఆ బండికి తన జీవితంలో చేసిన వాటన్నిటికంటే మంచి బ్రేకులు పెట్టాడు. ముందు చక్రాలకు పెద్ద జీపు బ్రేకు డిస్కులు కూర్చి, గొట్టాలు తానే వంచి, తానే బిగించాడు. ఒక్క బోల్టు కూడా నన్ను ముట్టనివ్వలేదు.

దసరా మర్నాడు పొద్దున్నే సేటుకు బండి అప్పగించాలి. ముహూర్తం ఆయనే పెట్టుకొచ్చాడు. పండుగ నాటికి ముందు చక్రాల బ్రేకులు పూర్తయ్యాయి. వెనక చక్రాల గొట్టాల్లో గాలి తీయడం మిగిలింది. ఆ గాలి ఉంటే కాలు నొక్కినప్పుడు పెడలు మెత్తగా పోతుంది, బ్రేకు సరిగా పట్టదు. "రేపు పొద్దుగాల తీస్త. అందాక బండి కదలొద్దు" అన్నాడు బావ.

మా పనివాళ్ల కట్టుబాటు మీకు తెలిసే ఉంటుంది. దసరా రోజు పనిముట్లన్నీ కడిగి, వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తాం. ఇక మర్నాటి దాకా ఏదీ ముట్టుకోకూడదు. ఆ రోజు అవి మన పనిముట్లు కావు, అమ్మవారివి. బండికి కూడా దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాడు బావ. మర్నాడు సేటు బండి తీస్తే అవి నలగాలి. అంతవరకు దాన్ని ఎవరూ కదపకూడదు.

మధ్యాహ్నం దాటాక ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి పోయింది. బావ కూడా కొత్త చొక్కా వేసుకుని, ఎవరికో గట్టిగా గొప్పలు చెప్పుకుంటూ పోయాడు. నాకు తలనొప్పి అని చెప్పాను. నొప్పేమీ లేదు.

షెడ్డులో నేను, ఆ బండి. మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో నాకు తెలియదు. నెలలు పట్టి చేశాను దాన్ని. రేపు సేటు తీసుకుపోతాడు. తన పెదనాన్న కొడుకు ముందు మీసం తిప్పుతాడు. ఆ ఇంజిను మొత్తం గొంతు విప్పి అరిస్తే ఎలా ఉంటుందో, చేసిన నాకు తప్ప అందరికీ తెలుస్తుంది. వండినవాడు రుచి చూడకూడదా? పనిముట్లు ముట్టొద్దన్నారు. తాళం చెవి పనిముట్టా? కాదు కదా. వెనక బ్రేకులు లేకపోతేనేం, ముందువి బావ చేసినవి కదా. మనసు తప్పు చేయాలనుకున్నప్పుడు ఎంత మంచి వకీలవుతుందో ఆ రోజు చూశాను. దండ తీసి గోడకు తగిలించాను, పూలు వాడిపోతాయని. పూల గురించి ఆలోచించిన ఈ తల, టైర్ల ముందున్న నిమ్మకాయల సంగతి మరిచిపోయింది. బండి కదిలింది. కింద మెత్తగా ఏదో నలిగింది. అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికైనా ఆపి ఉండాల్సింది.

ఆపలేదు.

పెబ్బేరు దాటి హైవే ఎక్కితే, బీచుపల్లి వైపు కొత్తగా వేసిన రోడ్డు ఒక పక్క ఇంకా తెరవలేదు. నల్లగా, నున్నగా, మనిషన్నవాడు లేకుండా ఉంది. అడ్డం పెట్టిన డ్రమ్ముల సందులోంచి బండిని లోపలికి దూర్చాను. కాలు తొక్కాను. టర్బో అందుకోవడానికి ఒక్క క్షణం పట్టింది, తర్వాత వీపు సీటుకు అతుక్కుపోయింది. పల్లి చేన్లు, కరెంటు స్తంభాలు, దూరంగా కృష్ణ మీది వంతెన అన్నీ నా మీదికి వచ్చాయి. స్పీడు చూపే ముల్లు చివరికి పోయి అక్కడే వణుకుతూ ఉండిపోయింది. నేను అరుస్తున్నానని కూడా నాకు తెలియలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కుడికాలు కింద ఏదో కదులుతోంది. సిగ్గు లేదా నాకు? ఉంది. కానీ ఆ ఆనందం అబద్ధం కాదు. అది కూడా ఒప్పుకోవాలి.

ఒకసారి చాలదా? చాలలేదు. రోడ్డు చివర ఇసుక కుప్ప పోసి ఉంది. అక్కడిదాకా పోయి బ్రేకు తొక్కడం, వెనక్కి తిరగడం, మళ్లీ పరుగు. బరువంతా ముందు బ్రేకుల మీదే. మూడోసారి కాలు పెడితే పెడలు నేలకు అంటుకుంది. ఏమీ లేదు కింద. హ్యాండు బ్రేకు లాగాను, గేరు దించాను, బండి ముక్కు ఇసుక కుప్పలోకి పోయి ఆగింది. చక్రాల దగ్గర పొగ. కాలిన రబ్బరు వాసన. బావ చేసిన బ్రేకులను నేను ఉడకబెట్టేశాను.

చల్లబడేదాకా కూర్చుని, మెల్లగా షెడ్డుకు తెచ్చాను. తుడిచాను. కడిగాను. దండ మళ్లీ వేశాను. నలిగిన కాయలు కాలువలో పారేసి, తడి మరకల మీద మట్టి చల్లాను. కొత్త నిమ్మకాయలు కావాలి. పండుగ రోజు, దుకాణాలు లేవు. అక్క ఇంటికి పోయాను. ఆమె ఇంటి వెనక నిమ్మచెట్టు ఉండేది.

అక్క గడపకు పసుపు రాస్తోంది. "ఏందిరా, తలనొప్పి అంటివి?" అంది. "షర్బత్ తాగబుద్ధయితుందక్కా" అన్నాను. నాలుగు కాయలు కోసుకుని వస్తుంటే నా చేతుల వంక చూసి, "ఒక్కనికి నాలుగా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అంతే.

సాయంత్రం బావ జమ్మి ఆకు తెచ్చాడు. మాకు అది బంగారం. ఆకు నా చేతిలో పెట్టి గట్టిగా అలాయ్ బలాయ్ ఇచ్చాడు. ఆయన కొత్త చొక్కాకు నా మసి అంటింది. "పండుగ నాడు గూడ గిదేం మురికిరా" అని నవ్వాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆ కౌగిలిలో ఒక్క మాట. మహా అయితే నలుగురిలో రెండు బూతులు తిట్టేవాడు. పొద్దున్నే ముందు చక్రాలు విప్పేవాడు, బ్రేకు నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు కాలినవి మార్చేవాడు, ఇంకో రోజు ఆలస్యమయ్యేది. అంతే కదా? ఆ రెండు బూతులకు భయపడ్డాను నేను.

పొద్దున బావ వెనక చక్రాల గాలి తీశాడు. ముందువి ముట్టుకోలేదు, అవి మొన్ననే అయిపోయాయి కదా. పెడలు తొక్కి చూశాడు. గట్టిగా ఉంది. నేనూ తొక్కి చూశాను. వేడి తగ్గింది, బాగానే ఉంది, ఏమీ కాదు అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? కాలిన రబ్బరు చల్లబడితే బాగుపడదని మెకానిక్కుకు తెలియదా? సేటు వచ్చాడు. నేను పెట్టిన నిమ్మకాయలు చక్కగా నలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. బావ గర్వంగా పక్క సీట్లో ఎక్కాడు. బీచుపల్లి ఆంజనేయస్వామికి మొక్కి వస్తామని పోయారు.

తిరిగి వస్తుంటే పెబ్బేరు దగ్గర గొర్ల మంద అడ్డం వచ్చింది. సేటు జోరు మీదున్నాడు. బ్రేకు తొక్కాడు. కాలు నేలకు పోయింది.

కొన్ని గొర్లు పోయాయి. బండి కాలువలో పడింది. సేటు తొడ ఎముక విరిగింది. గొర్ల కాపరి దూకి తప్పుకున్నాడు, లేకపోతే ఈ కాగితం మీద ఇంకో మాట రాయాల్సి వచ్చేది. నేను పోయేసరికి బావ నెత్తిన రక్తం కారుతుండగా రోడ్డు మీద కూర్చుని, చచ్చిన ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

సాయంత్రం తలకు కట్టుతోనే, కాలువలోంచి లాగిన బండిని విప్పి చూసి వచ్చి, సేటు ఉన్న దవాఖాన వరండాలో మాట్లాడాడు. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ముంగటి సీలు కాలింది బామ్మర్ది. నేను విప్పి చూసిన. ఒక్క దినంల ఎట్ల కాలుతది?"

నేను చొక్కా కొసతో చేతులు తుడుచుకున్నాను.

"నువ్వు నిన్న బండి గిట్ల తీసినవా?" అన్నాడు. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. "లే. నిమ్మకాయలు పెట్టినయి పెట్టినట్టే ఉండె. పొద్దుగాల నేనే జూసిన."

ఆయనే నన్ను విడిచిపెట్టేశాడు. నేను నోరు మూసుకున్నా సరిపోయేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "లేదు బావా" అన్నాను.

బావ తన అరచేతులు చూసుకున్నాడు. "అయితే నా పాపమే. నిన్న పూజ అయినంక ఒక బోల్టు లూజుగ కనవడ్డది. మనసొప్పక పానా వట్టి బిగించిన. ఎవ్వరు జూడలేదనుకున్న. దేవుడు జూసిండు."

ఇదీ సంగతి. బావ ఒక్క బోల్టు బిగించాడు. అదీ బండి మంచి కోసం. నేను బండిని చంపాను. తప్పు ఆయన మోశాడు. నా నిమ్మకాయలు ఆయన్ను నమ్మించాయి. బండి కదల్లేదని తేలిపోయాక, అంత పనిమంతుడికి మిగిలినవి రెండే దారులు. అయితే తన చేతి పనిలో తప్పు, లేకపోతే తన పాపం. ఆయన రెండోదాన్ని పట్టుకున్నాడు.

తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. సేటు మంచం మీద పడుకుని కూడా వచ్చినవాళ్లందరికీ బండి పరుగు గురించే చెప్పాడు. "ఇంజిను బంగారం. బ్రేకే ముంచింది." ఆ మాట ఊరూరా తిరిగింది. అచ్చంపేట నుంచి కూడా కుర్రాళ్లు ఇంజిన్ల కోసం నన్ను వెతుక్కుంటూ వచ్చారు. బావను మాత్రం బ్రేకుఫేల్ నర్సింలు అన్నారు. మొదట వెనకాల అన్నారు, తర్వాత ముఖం మీదే అన్నారు. గొర్ల కాపరికి బావ తన పాడి బర్రెను తోలిచ్చాడు. అక్క ఆ రోజంతా కొట్టంలో కూర్చుని ఏడ్చింది. ఏడాది తిరక్కుండానే బావ పానాలన్నీ నా చేతిలో పెట్టి, "ఇగ నాకు ముట్టబుద్ధి గాదు" అని పల్లి చేనులోకి పోయాడు. ఆ షెడ్డు అలా నాదయ్యింది. బోర్డు మీద నా పేరు రాయించాను కూడా. రంగు వేస్తున్నవాడు "బావ పేరు తీసెయ్యాలెనా అన్నా?" అని అడిగితే, పని ఉన్నట్టు లోపలికి పోయాను.

నేను మళ్లీ స్పీడుగా నడపలేదని చెబితే మీకు బాగుంటుంది. అబద్ధం. కొన్నేళ్లు నడపలేదు. తర్వాత నడిపాను. చేసిన ప్రతి బండినీ ఒకసారి కొసదాకా తొక్కి చూశాను. బ్రేకులు మాత్రం ప్రతిసారీ విప్పి చూస్తాను. నా కస్టమర్లు నన్ను జాగ్రత్తపరుడు అంటారు.

ప్రతి ఏడూ దసరాకు ముందు బావ వనపర్తి నుంచి బీచుపల్లికి కాలినడకన పోతాడు. చెప్పులు లేకుండా. పానా ముట్టిన పాపానికి. పండుగ రోజు షెడ్డుకు వస్తాడు గానీ గడప దాటడు, పనిముట్లకు కుంకుమ నన్నే పెట్టమంటాడు. ఆ గొంతు ఇప్పుడు లేదు. గొప్పలు లేవు. మనిషి ఎంత మెత్తబడ్డాడంటే, చూస్తుంటే నాకు కోపం వస్తుంది. ఎవరి మీద? చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉంది. ప్రతి దసరాకు అక్క తన చెట్టు నిమ్మకాయలు బావ చేత షెడ్డుకు పంపుతుంది. ఎనిమిది. ఏటా ఎనిమిదే. పూజకు పెట్టే బండి ఒక్కటే, దానికి నాలుగు చాలు. "మీ అక్కకు లెక్క రాదు" అని బావ నవ్వుతాడు. మా అక్క బడికి పోయి చదువుకున్న మనిషి. ఆమెకు లెక్క వచ్చు. నాలుగు బావ పెట్టినవి, నాలుగు నేను పెట్టినవి. ఆమెకు ఆ రోజు సాయంత్రానికే అంతా తెలిసిపోయిందా, దవాఖాన నుంచి వచ్చిన బావ నిమ్మకాయల మాట చెప్పినప్పుడు తెలిసిందా, నాకు తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు. తమ్ముణ్ణి బయటపెట్టలేక, మొగుణ్ణి చూస్తూ ఊరుకోలేక, ఏటా ఎనిమిది కాయలు పంపుతోంది. నేనే చెప్పాలని ఎదురుచూస్తోంది. ఇన్నేళ్లుగా నేను నాలుగు పూజకు పెట్టి, నాలుగు షర్బత్ చేసుకుని తాగాను. మింగాను.

ఈ ఏడు బావ మోకాళ్లు అరిగిపోయాయి. ఇంత దూరం నడిస్తే ఇక మంచమే అన్నాడు డాక్టరు. బావ వినలేదు. రేపు పొద్దున బయల్దేరతాడట. కారులో తీసుకుపోతానన్నాను. "పాపం కార్ల పోతదా బామ్మర్ది?" అని నా భుజం తట్టి పోయాడు. నిమ్మకాయల సంచి గడప బయటి బల్ల మీద పెట్టి పోయాడు. ఎనిమిది ఉన్నాయి.

మీ క్షమాపణ నాకు వద్దు. అది మీరిచ్చేది కాదు, నేను అడిగేదీ కాదు. బావ కూడా ఇస్తాడనుకోను. పోయిన పేరు, పోయిన చేతి పని, ఆ నడకలు, ఇవేవీ తిరిగి రావు. బహుశా అక్క ఇంటి తలుపు కూడా నాకు మూతపడుతుంది. ఇదివరకు రెండుసార్లు చెబుదామని బయల్దేరి సందు మలుపు నుంచి వెనక్కి వచ్చినవాణ్ణి. ఈసారి కూడా రానని ఒట్టు వేయలేను. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను, ఒక్కసారైనా ఆ మాట నా చేత్తో పూర్తిగా రాసి చూడాలని.

బావా, ఆ దినం బండి తీసింది నేను. బ్రేకులు కాల్చింది నేను. నిమ్మకాయలు మార్చింది నేను. బ్రేకు వోయింది నువ్వు పానా ముట్టినందుకు గాదు. నువ్వు ఏ పాపం జెయ్యలే. ఇగ నడవకు.

రాశాను. కాయల్లో నాలుగు తీసి పూజకు పక్కన పెట్టాను. మిగతా నాలుగూ జేబుల్లో వేసుకున్నాను. షెడ్డులో బండ్లు చాలానే ఉన్నాయి. ఏదీ తీయను. బావ ఇల్లు దగ్గరే, నడిచే పోతాను.